వాయిదా పడిన నీళ్ళు

ఈ కథ ముగింపు ముందే చెప్పేస్తాను. 1892 ఆగస్టు నడిమి నుంచి నవంబరు దాకా జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 16,956 మంది కలరా బారిన పడ్డారు. వారిలో 8,605 మంది మళ్ళీ లేవలేదు. చివరి క్షణంలో ఎవరో వచ్చి కాపాడతారేమోనన్న ఆశ పెట్టుకోకండి, ఎవరూ రారు. గుండెను మెలిపెట్టేది మరొక సంగతి. ఆ చావులకు ముందు తప్పించుకునే దారులు చాలానే తెరిచి ఉన్నాయి. ప్రతి దారి ముందూ ఆ ఊరి పెద్దలు వచ్చి నిలబడ్డారు, ఖర్చు లెక్క వేసుకున్నారు, తర్వాత చూద్దామనుకున్నారు, వెనక్కి తిరిగారు.

గత్తరొచ్చి ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయిన కథలు మన ముత్తాతల కాలం నుంచి విన్నవే. అవన్నీ వైద్యుడి మొహం ఎరగని పల్లెల కథలు. హాంబర్గ్ అలాంటి ఊరు కాదు. ఆరు లక్షలు దాటిన జనం, బెర్లిన్ తర్వాత జర్మనీలో అంతటి నగరం మరొకటి లేదు. ఎల్బే నది మీద లోకంలోని ఓడలన్నీ వచ్చి ఆగే రేవు. కాఫీ, పత్తి, ఉన్ని, తోళ్ళు దిగుమతి చేసుకుని సంపద పోగేసిన వర్తకుల పట్నం. జర్మన్ సామ్రాజ్యంలో భాగమే అయినా ఏ రాజుకూ తల వంచని స్వతంత్ర నగరం. తన సెనేట్ తనది, తన చట్టం తనది, తన ఖజానా తనది. మా ఊరిని మేమే ఏలుకుంటాం అని ఛాతీ విరుచుకుని చెప్పుకోగలిగిన ఊళ్ళు ఆనాడు ఎన్నో లేవు. అంతటి ఊరు గనకనే ఇంతటి దుఃఖం.

ఆ గర్వానికి పునాది ఒక అగ్నిప్రమాదంలో పడింది. 1842 మే నెలలో నాలుగు రోజుల పాటు నగరం తగలబడింది. బూడిద మీద కొత్త ఊరు కట్టుకోవడానికి విలియం లిండ్లే అనే ఇంగ్లీషు ఇంజనీరును పిలిచారు. ఆయన నేల కింద మురుగు కాలువలు వేశాడు. 1848 నాటికి ఊరి ఎగువన రోథెన్‌బుర్గ్‌సోర్ట్ దగ్గర ఎల్బే నీళ్ళను తోడి, గొట్టాల ద్వారా ఇళ్ళకు పంపే ఏర్పాటు చేశాడు. యూరప్ ప్రధాన భూభాగంలో అలాంటి ఏర్పాటు ఉన్న నగరాలు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కుళాయి తిప్పితే నీళ్ళు! బావుల దగ్గర బారులు తీరిన ఆడవాళ్ళకు అది ఎంత ఊరటో ఊహించుకోండి. ఆ రోజున ఆ గొట్టాలను చూసి మురిసిపోయిన తల్లులు, తమ మనవల చావు ఆ దారినే వస్తుందని కలలోనైనా అనుకుని ఉండరు.

ఎందుకంటే ఆ నీళ్ళు వడకట్టినవి కావు. నదిలోంచి తోడినవి చెరువుల్లాంటి తొట్లలో కాసేపు నిలిపి, మట్టి అడుక్కి దిగాక పంపేవారు. జనం పెరిగిన కొద్దీ వాడకం పెరిగింది, నీళ్ళు నిలిచే వ్యవధి తగ్గింది. పైగా ఎల్బే సముద్రపు పోటు తాకే నది. ఆటుకు దిగువకు పోయిన మురుగు పోటుకు ఎగువకు ఎదురొచ్చేది. ఊరు వదిలిపెట్టిన మైల ఊరి నోటి దాకా తిరిగి వచ్చేది. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 1880లలో కార్ల్ క్రెపెలిన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు హాంబర్గ్ నీటి గొట్టాలలో బతికే ప్రాణుల మీద ఒక పరిశోధనే చేశాడు. పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు, స్పంజికలు, పాముల్లా మెలికలు తిరిగే ఈల్ చేపలు. గొట్టాల్లో ఒక చిన్న జంతు ప్రపంచమే కాపురముంది. ఊరంతా దాని మీద హాస్యాలాడుకుంది. నవ్విన నోళ్ళే ఆ నీళ్ళూ తాగాయి.

మందు ఏమిటో అప్పటికే తెలుసు. అది ఇసుక. మెత్తని ఇసుక పరుపు మీదుగా నీటిని నెమ్మదిగా దిగనిస్తే పైన ఒక జిగురు పొర పేరుకుంటుంది. కంటికి కనిపించని చావు చాలావరకు ఆ పొరలోనే చిక్కుకుపోతుంది. పక్కనే, నిజంగానే పక్కనే, ప్రష్యా పాలనలోని ఆల్టోనా పట్నం 1859 నుంచే అలా వడకట్టిన నీళ్ళు తాగుతోంది. ఆల్టోనా తోడుకునేది హాంబర్గ్‌కు దిగువన, హాంబర్గ్ మురుగంతా కలిశాక పారే నీళ్ళను. నదిలో అంతకంటే పాడు నీళ్ళు లేవు. అయినా ఆ ఊళ్ళో గ్లాసులోకి వచ్చేసరికి అవి మంచినీళ్ళు.

హాంబర్గ్‌లోనూ వడపోత మాట దశాబ్దాల తరబడి నలిగింది. సంఘాలు వేశారు, నివేదికలు రాశారు, అంచనాలు కట్టారు. ఇసుక పడకలు కట్టాలంటే డబ్బు కావాలి. డబ్బంటే పన్ను. వడకట్టిన నీరు ఖరీదైనది గనక వృథా కాకుండా ఇంటింటికీ మీటర్లు పెట్టాలన్నారు కొందరు. మీటరు భారం తమ మీద పడుతుందని ఇళ్ళ యజమానులు అడ్డం తిరిగారు. 1880లలో టైఫాయిడ్ ఊరి మీద పడి హెచ్చరించి పోయింది. అప్పుడూ చర్చ జరిగింది. చివరికి 1890లో గాని అనుమతి రాలేదు. పనులు మొదలయ్యాయి. 1892 ఆగస్టు నాటికి ఇసుక పడకలు ఇంకా సగంలోనే ఉన్నాయి. కొద్ది నెలల దూరంలో ఉన్నాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా మింగుడు పడనిది ఈ కొద్ది నెలలే.

ఆ చర్చలు అంతగా సాగడానికి కారణం చర్చించేవారు ఎవరో చూస్తే తెలుస్తుంది. సెనేట్‌లో 18 మంది, పదవి జీవితాంతం. వారిలో వర్తకులు, న్యాయవాదులు. పౌరసభలో 160 స్థానాలు. అందులో 40 ఇళ్ళ యజమానులకు, మరో 40 పదవుల్లో ఉన్న, ఉండి దిగిపోయిన ప్రముఖులకు. మిగిలిన సగానికి ఓటు వేయాలన్నా పన్ను కట్టే స్తోమత ఉండాలి, రుసుము చెల్లించి పౌరసత్వం కొనుక్కోవాలి. రేవులో బస్తాలు మోసేవాడికి అది అందని పండు. ఇందులోని విడ్డూరం చూడండి. దూరాన బెర్లిన్‌లోని సామ్రాజ్య పార్లమెంటుకు ఓటు వేసే హక్కు అదే కూలివాడికి ఉంది. 1890లో హాంబర్గ్‌కున్న మూడు పార్లమెంటు స్థానాలనూ కార్మికుల పక్షమైన సోషల్ డెమోక్రాట్లే గెలుచుకున్నారు. ఇంటి కుళాయిలో ఏ నీళ్ళు రావాలో తేల్చే సభలో మాత్రం అతనికి చోటు లేదు. యుద్ధాల మీద, సుంకాల మీద అభిప్రాయం చెప్పవచ్చు గాని పిల్లవాడు తాగే నీటి మీద చెప్పకూడదు.

ఆ పిల్లలు ఉండేది రేవును ఆనుకున్న గెంగెఫీర్టెల్ అనే సందుల పేటల్లో. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు. ఒకదాని మీద ఒకటి వాలిన కర్ర ఇళ్ళు, వెలుతురు చొరని నడవలు, నాలుగైదు కుటుంబాలకు ఒకే పాయిఖానా. అయినా అది ఊరికే మురికివాడ అనుకోకండి. తెల్లవారుజామున రేవు పనికి పరుగెత్తే మగవాళ్ళు, బట్టలుతికి పొట్టపోసుకునే విధవలు, మేడ మీది గదిని అద్దెకిచ్చి ఆ డబ్బుతో అప్పు తీర్చుకునే సంసారాలు, సాయంత్రం పూట గుమ్మాల్లో కబుర్లు. యోహానెస్ బ్రామ్స్ అనే మహా సంగీతకారుడు 1833లో పుట్టింది ఇలాంటి సందులోనే. 1892 ఎండాకాలం చచ్చిపోయిన పసివాళ్ళలో ఎవరి చేతుల్లో ఏ విద్య ఉండేదో!

1892 వేసవి నిప్పులు చెరిగింది. ఎల్బే నీరు తగ్గింది, గోరువెచ్చనైంది. ఆ ఏడు రష్యాలో కలరా చెలరేగింది. అక్కడి నుంచి అమెరికాకు పోయే వలసజనం, ఎక్కువగా బీద యూదులు, రేవు పక్కన అమెరికా కే దగ్గర షెడ్లలో ఓడ కోసం కాచుకుని ఉన్నారు. జబ్బు వారితోనే వచ్చిందని తర్వాత చాలామంది అన్నారు. ఏ దారిన వచ్చిందైతేనేం, నదిలోకి దిగింది. నదిలోంచి గొట్టాల్లోకి ఎక్కింది. గొట్టాలు ఒకేసారి ఊరంతా పంచిపెట్టాయి.

ఆగస్టు నడిమి నాటికి తొలి మనుషులు పడిపోయారు. వారిలో ఒకడు మురుగు కాలువ నదిలో కలిసే చోట పని చేసిన కూలీ. ఆల్టోనాలో అతన్ని చూసిన వైద్యుడు ఇది ఆసియా కలరాయే అన్నాడు. పై అధికారి ఒప్పుకోలేదు. హాంబర్గ్‌లో ఎప్పెన్‌డోర్ఫ్ పెద్దాసుపత్రికి 16వ తేదీ నుంచి రోగులు రావడం మొదలైంది. బియ్యం కడుగులాంటి విరేచనాలు, పిక్కలు మెలితిప్పే నొప్పులు, గంటల్లో లోతుకు పోయే కళ్ళు, నీలమయ్యే గోళ్ళు. పొద్దున పనికి బయల్దేరినవాడు రాత్రికి శవం. చూసినవారెవరికైనా అర్థమయ్యే జబ్బే. అయినా నగర ప్రధాన వైద్యాధికారి యోహాన్ కాస్పర్ క్రౌస్ సూక్ష్మదర్శినిలో క్రిమి కనిపించి రుజువు కావాలన్నాడు. ప్రయోగశాలలో ఆ క్రిమిని పెంచడానికి రోజులు పట్టింది. విచిత్రమేమిటంటే, కలరా క్రిమి వల్ల, నీటి వల్ల వస్తుందన్న వాదం మీద ఆయనకే అంత నమ్మకం లేదు. మ్యూనిక్‌లోని పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పినట్టు నేలలోంచి పుట్టే విషవాయువుల వల్ల వస్తుందనుకునే తరం వారిది. నమ్మని శాస్త్రం నుంచే రుజువు కోరుతూ కూర్చున్నారు.

వారిది వట్టి మూర్ఖత్వమని కొట్టిపారేయలేం. కలరా అన్న మాట నోట రాగానే లోకమంతా హాంబర్గ్ ఓడలకు రేవులు మూసేస్తుంది. గోదాముల్లో సరుకు, సముద్రంలో ఓడలు, బ్యాంకుల్లో అప్పులు అన్నీ స్తంభిస్తాయి. ఆ భయం సెనేటర్లది, ఆ భయం రేవు మీద బతికే కూలీది కూడా. పెళ్ళివారు గుమ్మంలో ఉండగా జబ్బు మనిషిని వెనక గదిలోకి తోసి తలుపు వేసినట్టు, ఆ ఊరు తన రోగాన్ని దాచిపెట్టింది. ఆ తలుపు వెనక రోజుకు పదులు, ఆపైన వందలు పడిపోతున్నారు.

ఆ రోజుల్లోనే మొరేవియా అనే ఓడ వలసజనాన్ని ఎక్కించుకుని న్యూయార్క్‌కు బయల్దేరింది. ఊళ్ళో అంటువ్యాధి ఏదీ లేదన్న ఆరోగ్యపత్రం చేత పట్టుకుని వెళ్ళింది. నెలాఖరుకు అక్కడికి చేరేసరికి దారిలో 22 మందిని సముద్రంలో వదిలారు. వారిలో దాదాపు అందరూ చిన్నపిల్లలు. కొత్త దేశంలో బతుకు వెతుక్కుంటూ, పాత ఊరి అణచివేత నుంచి బిడ్డల్ని కాపాడుకుందామని బయల్దేరిన తల్లిదండ్రులు వాళ్ళు. ఓడ కదలకముందు ఒక్క అధికారి ఆ పత్రం మీద సంతకం పెట్టకుండా ఒక్కరోజు ఆగి ఉంటే!

22వ తేదీకి అనుమానానికి తావు లేకుండా పోయింది. అదీ ఆల్టోనా వైపు నుంచి బెర్లిన్‌కు చేరిన నమూనా వల్ల. 24న రాబర్ట్ కోచ్ హాంబర్గ్‌లో దిగాడు. కలరా క్రిమిని ఎనిమిదేళ్ళ కిందట కలకత్తాలో పట్టి లోకానికి చూపించినవాడు ఆయన. కార్యాలయాల్లో నీళ్ళు నమిలిన మాటలు విన్నాక, ఆసుపత్రికి వెళితే గాని తనకు నిజం చెప్పే మనిషి దొరకలేదని ఆయన అన్నట్టు చెబుతారు. సందుల పేటల్లో తిరిగి చూసి, నేను యూరప్‌లో ఉన్నానన్న సంగతే మరిచిపోతున్నాను అన్నాడట. కలకత్తా బస్తీలు చూసిన కళ్ళవి.

అప్పటికే వేళ మించిపోయింది. నెలాఖరు వచ్చేసరికి రోజుకు వెయ్యి మంది కొత్తగా పడుతున్నారు. అంబులెన్సులు చాలక గుర్రపు బగ్గీల్లో రోగుల్ని మోశారు. రోగి దిగిన సీట్లో మరో రోగి. ఆసుపత్రి వరండాల్లో నేల మీద పరుపులు, పరుపులు అయిపోయాక గడ్డి. ఓల్స్‌డోర్ఫ్ శ్మశానంలో రాత్రింబవళ్ళు పొడుగాటి గోతులు తవ్వారు. పేరు చెప్పి ఏడవడానికి మనుషులు మిగలని కుటుంబాలు ఉన్నాయి. తల్లి ఒక ఆసుపత్రిలో, తండ్రి మరో ఆసుపత్రిలో, పిల్లలు బడిలో పెట్టిన తాత్కాలిక శిబిరంలో. ఎవరు బతికారో ఎవరికీ తెలియదు. ఉన్నవాళ్ళు రైలెక్కి వెళ్ళిపోయారు. నీళ్ళు కాచి ఇచ్చే పనిమనిషి ఉన్న మేడల్లో చావు తక్కువ, బొగ్గు కొనడానికి డబ్బు లేని గదుల్లో ఎక్కువ.

ఇంత జరుగుతుంటే ఆల్టోనాలో ఏమైందో చూడండి. రెండు పట్నాల నడుమ గోడ లేదు, వాగు లేదు. కొన్ని చోట్ల సరిహద్దు వీధి నడిమధ్య పోయేది. ఒకే రాళ్ళ బాట, ఒకే గాలి, ఒకే ఎండ, ఎదురెదురు గుమ్మాల్లో ఒకే రకం బీదజనం. హాంబర్గ్ వైపు ఇళ్ళలో శవాలు లేస్తుంటే ఆల్టోనా వైపు ఇళ్ళలో వంట పొగ లేస్తోంది. ఆల్టోనాలోనూ కొందరు పోయారు. వారిలో చాలామంది హాంబర్గ్‌కు పనికి పోయి ఆ నీళ్ళు తాగి వచ్చినవారే. అన్నిటికంటే గుచ్చుకునేది హాంబుర్గర్ హోఫ్ అనే ఇళ్ళ సముదాయం సంగతి. మూడు వందలకు పైగా కూలి జనం ఉన్న ఆ లోగిలి హాంబర్గ్ హద్దులోనిదే. కాని గొట్టాలు వేయడంలో ఏదో ఇబ్బంది వచ్చి, దానికి నీళ్ళు ఆల్టోనా నుంచి వచ్చేవి. చుట్టూ ఇళ్ళు ఏడుస్తుంటే ఆ లోగిలిలో ఒక్కరికీ కలరా సోకలేదు. విషవాయువుల వాదానికి అంతకంటే జవాబేముంది? ఏ దేవుడి దయా కాదు, ఏ నేల మహిమా కాదు. కుళాయి ఎటు నుంచి వస్తోందన్నదే బతుకుకూ చావుకూ గీత గీసింది.

బ్రేమెన్ కూడా హాంబర్గ్ లాగే స్వతంత్ర వర్తక నగరమే. అక్కడ నీళ్ళు వడకట్టేవారు, ఆ ఊరు బతికి బట్టకట్టింది. తన ఊరిని తాను ఏలుకోవడంలో దోషమేమీ లేదన్నమాట. కష్టకాలంలో జనానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే చేయి ఊరి పాలనదే. కుళాయి దాని చేతిలో ఉంది, సందు దాని చేతిలో ఉంది, ఆసుపత్రి మంచం దాని చేతిలో ఉంది. బెర్లిన్ నుంచి ఎంతటి శాస్త్రజ్ఞుడు పరుగెత్తుకొచ్చినా ఆ చేయి అప్పటికే కదిలి ఉండాలి. హాంబర్గ్‌లో ఆ చేయి జేబులో ఉండిపోయింది.

ఇసుక పడకలకు డబ్బు లేదన్నారు, సరే అనుకుందాం. ఇళ్ళ యజమానులు అడ్డుపడ్డారు, అదీ సరే. ఆగస్టు 16 తర్వాత కావలసింది డబ్బు కాదు. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి అని చెప్పే ఒక కాగితం. అది ఆ వారంలో రాలేదు. నిజం ఒప్పుకున్నాకనే బండ్ల మీద కాచిన నీళ్ళు పంచారు, వీధుల్లో క్రిమిసంహారక బృందాలను తిప్పారు, జాగ్రత్తలు చెప్పే కరపత్రాలు లక్షల్లో అచ్చువేశారు. వాటిని ఇంటింటికీ చేర్చే మనుషులు అధికారుల దగ్గర లేరు. చివరికి ఎవరిని అడిగారో తెలుసా? రెండేళ్ళ కిందటి దాకా నిషేధంలో ఉంచి, పోలీసుల చేత తరిమించిన సోషల్ డెమోక్రాట్లనే. వాళ్ళు వెళ్ళారు. ప్రతి సందూ, ప్రతి మెట్టూ, ప్రతి గడపా తెలిసినవాళ్ళు గనక తక్కువ వ్యవధిలోనే ఊరంతా పంచేశారు. ఊరి సభకు ఓటు లేని మనుషులు, తమను లెక్కచేయని ప్రభుత్వం మాటను తమ వాళ్ళ గుమ్మాలకు మోసుకుపోయారు. ఆ పని వారం ముందు చేయమని అడిగి ఉంటే అప్పుడూ చేసేవారే.

శరదృతువులో చలి ముదిరేకొద్దీ జబ్బు నెమ్మదించింది. ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. దశాబ్దాలు నానిన వడపోత పని రాత్రింబవళ్ళు సాగి, అనుకున్న గడువు కంటే ముందే 1893 మేలో పూర్తయింది. ఆరోగ్య సంస్థ వెలిసింది, రేవుకు ప్రత్యేక వైద్యుడు వచ్చాడు. సందుల పేటలను తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్కటిగా కూలగొట్టారు. వర్తకం మళ్ళీ పుంజుకుంది. దాచిపెట్టి కాపాడుకోవాలనుకున్న ఆ వర్తకం దాచినందుకే నెలల తరబడి మూతపడిందన్న సంగతి లెక్కల పుస్తకాల్లో ఉండిపోయింది.

హాంబర్గ్ నేర్చుకోలేదని అనలేం. బాగానే నేర్చుకుంది, త్వరగానే నేర్చుకుంది. ఖర్చు ఎక్కువని, ఇప్పుడే తొందరేమిటని, యజమానులు ఒప్పుకోరని అన్నేళ్ళు చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా ఆ శీతాకాలంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఖజానా అదే, ఇంజనీర్లు వాళ్ళే, నది అదే, సెనేటర్లూ చాలావరకు వాళ్ళే. మారింది 8,605 మంది లేకపోవడం ఒక్కటే. చేయగలిగిన పనే గనక చేశారు, మరి ముందే ఎందుకు చేయలేదని ఆ సభలో నిలబడి అడిగే హక్కు బతికున్నప్పుడు వారిలో ఎక్కువమందికి లేదు. ఆ ప్రశ్నను వారి తరఫున మన మన ఊళ్ళలో, మన మన సభల్లో, కుళాయి నీళ్ళ రంగు మారిన తొలి రోజునే అడగగలిగితే, వారి కోసం ఏడ్చిన ఏడుపుకు కాస్త అర్థముంటుంది.